నిమ్మచెట్టుకు మంకీ క్యాప్

మాది గూడూరు, నిమ్మకాయలకి పేరుపడ్డ ఊరు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, డిగ్రీ దాకా అక్కడే చదివి కూడా నేను ఏనాడూ ఒక నిమ్మచెట్టుకి చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. మా నాన్న బ్యాంకు ఉద్యోగి. మా పెరట్లో ఉన్నది ఒక్క తులసి మొక్క, దాన్ని కూడా పనమ్మాయే చూసుకునేది. నిమ్మకాయలంటే నాకు తెలిసింది లారీల మీద పోయే గోతాలు, వాటి వెనక సైకిలు తొక్కుకుంటూ బడికి పోతుంటే ముక్కుకి తగిలే పుల్లటి వాసన, అంతే. అయినా సరే, ఈ కాన్‌బెర్రాలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, నిమ్మచెట్ల మాట రాగానే "మాది గూడూరండీ" అని గొంతు సవరించుకునేదాన్ని. ఆ తర్వాత నేనేం చెప్పినా జనం నమ్మేవాళ్లు. ఒకాయన తన చెట్టు ఆకులు పసుపు పడుతున్నాయంటే పుల్ల మజ్జిగ పొయ్యమన్నాను. ఆ చెట్టు ఏమైందో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇలాంటి దాన్ని నేను నిమ్మచెట్టు కొని పెంచాల్సిన అగత్యం ఎందుకొచ్చిందంటే, మా అత్తయ్య వల్ల.

మామయ్యగారు పోయాక ఆవిడ కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ ఈ దేశంలోనే ఉన్నారు. పెద్దాయన మా ఆయన, కాన్‌బెర్రాలో సాఫ్ట్‌వేర్. చిన్నాయన మా మరిది, దేశం ఉత్తరపు కొసన, ఏడాదంతా ఉక్కపోసే డార్విన్‌లో డాక్టరు. ఒకే దేశం అని పేరే కానీ, మేం రెండు స్వెట్టర్లు వేసుకుని వీడియో కాల్ చేస్తే వాళ్లు బనీన్లతో ఫ్యాను కింద కూర్చుని మాట్లాడతారు. డార్విన్‌లో మునగ, కరివేపాకు పిచ్చిమొక్కల్లా పెరుగుతాయి. మా ఇంట్లో కరివేపాకు కుండీలో, కిటికీ లోపల, ఐసీయూలో పేషెంటులా ఉంటుంది. చారులోకి నాలుగు రెబ్బలు తుంచాలన్నా నాకు చెయ్యి రాదు.

మా తోడికోడలు మంచి పిల్ల. నా కష్టమంతా అదే. గయ్యాళిదైతే నాకు చాలా పనులు సులువయ్యేవి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, పెరట్లోకి వెళ్లి, బకెట్టు నిండా కోసిన నిమ్మకాయలు చూపించి, "ఎప్పుడొస్తారత్తయ్యా, మీ గది కిటికీలోంచి చూస్తే ఈ చెట్టే కనిపిస్తుంది" అనేది. అందులో గొప్ప చెప్పుకోవడమేమీ లేదు, నిజంగానే రమ్మని పిలిచేది. అత్తయ్య నవ్వి, "చూద్దాంలేవే" అనేవారు. ఆ 'చూద్దాం' విన్నప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

అత్తయ్య డార్విన్ వెళ్లిపోతారేమోనని నా భయం. రాయడానికి ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంది. కోడళ్లు మామూలుగా దేనికోసం మొక్కుకుంటారో నాకూ తెలుసు. మా అమ్మ, నేను ఈ దేశం వచ్చిన కొత్తలో క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో పోయింది. అప్పటినుంచి నేను బయటినుంచి ఇంటికొస్తే "వచ్చావా" అన్న మనిషి లేదు. మా ఆయన అంటాడు కానీ ల్యాప్‌టాప్ మీంచి కళ్లెత్తకుండా అంటాడు, దాన్ని నేను లెక్కలో వేసుకోను. అత్తయ్య వచ్చాక, చలికాలం పెందలాడే చీకటి పడిపోయి, నేను చేతులు రుద్దుకుంటూ కారు దిగేసరికి వంటింట్లో లైటు వెలుగుతూ ఉండేది, చారు పోపు వాసన వీధిలోకి వచ్చేది. మా బాసు చేసే అఘాయిత్యాలు నేను చెబుతుంటే ఆవిడ టీవీ సీరియల్ కట్టేసి మరీ వినేవారు. మర్నాడు గుర్తుపెట్టుకుని, "నిన్న ఆ మీటింగు ఏమైందే" అని అడిగేవారు. మా బాసు గురించి నా మొగుడికి తెలిసినదానికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

అలాంటప్పుడు "మా దగ్గరే ఉండిపోండి అత్తయ్యా" అని నోరు తెరిచి అడిగితే పోయేది కదా. అడగలేదు. ఇక్కడ అత్తగారిని అట్టేపెట్టుకునే కోడలిని చూస్తే, జీతం లేని వంటమనిషి దొరికిందని మనవాళ్లే చెవులు కొరుక్కుంటారు. అత్తయ్య కూడా అలాగే అనుకుంటే? ఒకవేళ అడిగాక కాదంటే? మా ఆయన్ని అడగమన్నాను. ఉండమంటే తమ్ముడు నొచ్చుకుంటాడు, వెళ్లమంటే అమ్మ నొచ్చుకుంటుంది, అంతా అమ్మ ఇష్టం అని చేతులు దులుపుకున్నాడు. అమ్మ ఇష్టమేమిటో కనుక్కోవలసిన మనిషి మాత్రం ఇంట్లో లేకపోయాడు.

ఒక ఆదివారం డార్విన్ బకెట్టు చూశాక అత్తయ్య, అప్పుడే చెట్టున కోసిన కాయ పప్పన్నంలో పిండుకుంటే ఆ రుచే వేరని, మామూలుగానే అన్నారు. నేను మాత్రం దాన్ని సుగ్రీవాజ్ఞలా తీసుకున్నాను. మా పెరట్లో నిమ్మచెట్టు కాస్తే అత్తయ్య ఉంటారు, కాయకపోతే వెళ్లిపోతారు. ఆఫీసులో నా ఉద్యోగమేమిటో చెబితే మీరు నవ్వుతారు. ఏ పథకంలో ఏది బెడిసికొట్టవచ్చో ముందే అంచనా వేసి చెప్పడం నా పని. ప్రభుత్వం దానికి జీతమిస్తుంది.

ఆ శనివారమే ఊరవతల మొక్కలు కూడా అమ్మే పెద్ద హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి, నా భుజం దాకా ఉన్న నిమ్మచెట్టు తెచ్చాను. అంటు కట్టిన చెట్టు, అప్పటికే నాలుగు పిందెలున్నాయి. దారిలో కారులోనే ఎంత కారం, ఎంత ఉప్పు అని పచ్చడికి లెక్కలు కట్టేశాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంటికొచ్చి జాడీలు కూడా కడిగి ఆరబెట్టాను.

ఎక్కడ నాటాలన్నది ప్రశ్న. అత్తయ్య మెప్పు కోసం చేస్తున్న పని కాబట్టి వాస్తు చూడకుండా ఎలా? పెద్ద చెట్లు ఈశాన్యంలో పనికిరావు, నైరుతిలో ఉండాలి. కాబట్టి నైరుతిలో గొయ్యి తవ్వించాను. దక్షిణం వైపు ఎండ కూడా బాగా తగులుతుందని నా ధీమా, గూడూరులో అలాగే తగిలేది మరి. ఈ దేశంలో చలికాలం సూర్యుడు ఉత్తరంగా పోతాడని పదహారేళ్లుగా చూస్తున్నాను. బట్టలు ఆరేసే తీగ ఉత్తరం వైపే కట్టించుకున్నాను కూడా. అయినా చెట్టు దగ్గరికొచ్చేసరికి నా బుర్ర గూడూరు వెళ్లిపోయింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇంటి నీడ దాటని మూల ఏదైనా ఉందంటే అది సరిగ్గా మా నైరుతే. పక్కింటి పెద్దాయన తన ఉత్తరపు గోడకి ఆనించి పెట్టుకున్న చెట్టు నిండా కాయలతో ఉంటుంది. ఆయన కంచె మీంచి చూసి, ఆ మూల బాగా చల్లగా ఉంటుందమ్మా అన్నాడు. మాది నిమ్మకాయల ఊరని ఆయనకి కూడా చెప్పాను.

అత్తయ్య గొయ్యి చూసి, "ఇక్కడేనా?" అన్నారు. వాస్తు ప్రకారం పెట్టానని గొప్పగా చెప్పాను.

మే నెల వచ్చేసరికి చలి మొదలైంది. ఇక్కడ మంచంటే మన ఊళ్ల మంచు కాదు. తెల్లారేసరికి గడ్డి మీద దొడ్డుప్పు చల్లినట్టు గట్టిగా పేరుకుపోతుంది, నడిస్తే కరకరలాడుతుంది. ఆ గడ్డమంచు లేత చెట్టు మీద పడితే అంతే సంగతులని చదివి, నేను యుద్ధానికి దిగాను. మొదట చుట్టూ నాలుగు కర్రలు పాతి పాత దుప్పటి కప్పాను. అది చాలదనిపించి దాని మీద రజాయి వేశాను. చెట్టు కొస మాత్రం బయటికి పొడుచుకొస్తుంటే, మా ఆయన మంకీ క్యాప్ తెచ్చి దానికి తొడిగాను. పొద్దున కిటికీ తెర తీసి చూసిన మా అమ్మాయి, ఎవరో తాతగారు పెరట్లో నిలబడి ఉన్నారనుకుని కేకేసింది.

తర్వాత దీపావళికి కొన్న రంగు బల్బుల తీగ చెట్టుకి చుట్టాను. వేడి కోసం. అవి ఎల్‌ఈడీ బల్బులనీ, రాత్రంతా వెలిగినా వేడి పుట్టదనీ మా అమ్మాయి ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది. హైస్కూలు పిల్ల, దానికి సైన్సులో మంచి మార్కులొస్తాయి, నాతో మాత్రం పడదు. అయినా తియ్యలేదు. ఏమీ లేనిదానికంటే నయం కదా అనుకున్నాను. చలిలో క్రిస్మస్ సరదా తీరాలని ఇక్కడ కొందరు జూలైలో కూడా ఆ పండగ చేసుకుంటారు. వీధిలో పోయేవాళ్లు మేమూ అదే చేసుకుంటున్నామనుకుని చెయ్యి ఊపి వెళ్లేవారు.

ప్రతి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి, తిన్నగా పెరట్లోకి పోయేదాన్ని. చెట్టుకి దుప్పటి, రజాయి, టోపీ, బల్బులు, గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు. అరగంట పట్టేది. అత్తయ్య వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తుండేవారు. నేను చెయ్యి ఊపేదాన్ని. ఇదంతా ఎవరి కోసమో ఆవిడకి తెలియకపోతుందా అని నాలో నేనే పొంగిపోయేదాన్ని. లోపలికొచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది, ఆవిడకి టీవీ సీరియల్ టైమయ్యేది. బాసు కబుర్లు మర్నాటికి వాయిదా పడేవి. మర్నాడూ అంతే.

జూలైలో ఒక రాత్రి వాన వచ్చేలా ఉందని, రజాయి తడిసిపోతుందని, ఆకులకి ఆనుకునేలా ప్లాస్టిక్ షీటు చుట్టేశాను. వాన రాలేదు. మబ్బు విడిపోయి, ఆకాశం అద్దంలా తేటపడి, ఆ ఏడాదిలోకల్లా ఘోరమైన చలి పడింది. పొద్దున్నే షీటు విప్పితే ఆకులన్నీ ఉడికించిన గోంగూరలా నల్లగా వేలాడుతున్నాయి. నాలుగు రోజుల్లో అన్నీ రాలిపోయాయి. పిందెలు ముందే పోయాయి. కొమ్మలు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పుల్లల్లా విరిగాయి. ప్లాస్టిక్ ఆకులకి తగలకూడదని చేతులు కాలాక చదివాను.

బుద్ధున్న మనిషైతే ఏం చేస్తుంది? చెట్టు చచ్చిపోయిందని ఇంట్లో చెబుతుంది. నేను ఆ సాయంత్రం కూడా ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు పడేసి, పెరట్లోకి పోయి, ఆ చచ్చిన చెట్టుకి శుభ్రంగా దుప్పటి కప్పాను. రజాయి, టోపీ, బల్బులు, అన్నీ యథావిధిగా. మర్నాడూ కప్పాను. చలికాలం వెళ్లేదాకా కప్పుతూనే ఉన్నాను. ఎండ తక్కువగా ఉందని వంకపెట్టి పగలు విప్పడం మానేశాను, సాయంత్రం మాత్రం వెళ్లి అన్నీ మళ్లీ సర్ది కప్పేదాన్ని. అత్తయ్య భోజనాల దగ్గర చెట్టెలా ఉందమ్మా అంటే, నిద్రలో ఉందని, చలికాలం చెట్లకి నిద్రేనని గూడూరు పాండిత్యం వినిపించేదాన్ని. వంటింటి కిటికీలోంచి ఆవిడ చూస్తుంటే ఇంకాస్త శ్రద్ధగా క్లిప్పులు పెట్టేదాన్ని.

సెప్టెంబరు చివర, ఇక దాచలేక, ఎవరూ లేనప్పుడు పీకి పారేసి, దొంగలెత్తుకుపోయారని చెబుదామనుకున్నాను. నిజంగానే అంత దూరం ఆలోచించాను. పార పట్టుకుని వెళ్లి రజాయి తీస్తే, మొదట్లో, నేలకి జానెడు పైన, పచ్చగా రెండు చిగుళ్లు కనిపించాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పార అక్కడే పారేసి ఇంట్లోకి పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఫోటో తీసి డార్విన్‌కి పంపాను. తోడికోడలు నాలుగు చప్పట్లు పంపించింది.

చిగుళ్లు ఊరికే పెరగలేదు, విరగబడి పెరిగాయి. నవంబరుకల్లా నా నడుము దాకా వచ్చేశాయి. ఒక్కటే వింత. నిమ్మాకుల్లా లేవు. ఒక్కో కాడకి మూడేసి ఆకులు, మధ్యలో వేలెడు ముళ్లు. చలికి తట్టుకోవడానికి చెట్టు అలా మారి ఉంటుందని అందరికీ చెప్పాను. నిమ్మచెట్లు చలికి ఆకులు మార్చుకుంటాయని నాకు ఎవరు చెప్పారో, ఈ రోజుకీ తెలియదు.

ఒక ఆదివారం మా ఇంటికి ఒక ఆంటీ భోజనానికి వచ్చారు. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న డాక్టరుగారి భార్య. గుళ్లో ఏ పూజ జరిగినా ఆవిడ చేతి మీదుగానే జరుగుతుంది. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వచ్చిన ఆవిడ ఆ మూడాకులు చూసి చెప్పులు విడిచేశారు. కళ్లకద్దుకుని, "ఎంత అదృష్టవంతురాలివమ్మా, శివుడు నీ పెరట్లో మొలిచాడు. ఇది మారేడు" అన్నారు.

మీరు నమ్మండి, నమ్మకపోండి, నిమ్మచెట్టు మారేడు ఎలా అవుతుందని నాకు ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత నైరుతిలో, వాస్తు ప్రకారం, నా చేతులతో నాటాను కదా అని వినయంగా తలవంచుకున్నాను. పక్షులేవో గింజ వేసి ఉంటాయని ఆంటీయే దారి చూపించారు. ఈ దేశంలో మారేడు గింజ తెచ్చి వెయ్యగల పక్షి ఎక్కణ్ణించి ఎగిరొచ్చిందో మేమెవరం అడగలేదు. అత్తయ్య దగ్గరికి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశారు. చూసి, నా మొహంలోకి చూసి, "బాగుంది" అన్నారు.

కార్తీకమాసం. సోమవారం వస్తే మా ఇంటి ముందు కార్లు. ఎక్కడెక్కడి తెలుగువాళ్లూ వచ్చి, ఇంటికి మూడు దళాల చొప్పున పట్టుకుపోయేవారు. ముళ్లు గీరుకుంటాయని అత్తయ్యే దగ్గరుండి కోసి ఇచ్చేవారు. వచ్చినవాళ్లంతా ఆవిడతో కాసేపు కబుర్లాడి, కాఫీ తాగి వెళ్లేవారు. చలికాలమంతా హీటరు ముందు ముడుచుకు కూర్చున్న మనిషి, పెరట్లో కుర్చీ వేసుకుని నవ్వుతూ కనిపిస్తుంటే నా పథకం పారిందని అనుకున్నాను. నిమ్మకాయ కాకపోతే శివుడు. నాకు ఎవరైనా ఫర్వాలేదు.

ఆ ధైర్యం ఎంతో కాలం నిలవలేదు. ఒక రాత్రి భోజనాలయ్యాక మా ఆయన, తమ్ముడు అమ్మకి టికెట్టు తీశాడని, కార్తీకం అయిపోగానే ప్రయాణమని చెప్పాడు. తిరుగు టికెట్టు ఎప్పటికని అడిగాను. అమ్మే వద్దందని చెప్పాడు. నేను లేచి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

అది చాలదన్నట్టు, మర్నాడు మా అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. మొక్కకి ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్ ఏదో దాని దగ్గర ఉంది. తెర మీద మా చెట్టే, ముళ్లతో, మూడాకులతో. పేరు వేరే. పాప తీరిగ్గా చదివి వినిపించింది. అదొక అడవి నారింజ, చలికి చావదు, అందుకని దాని మొదలు మీద నిమ్మ కొమ్మని అంటు కట్టి అమ్ముతారు. పైన కట్టిన నిమ్మ చచ్చిపోతే కింది మొదలు తన సొంత చిగుళ్లు వేస్తుంది. అంటే నేను చలికాలమంతా కాపాడిన నిమ్మ జూలైలోనే పోయింది. ఇప్పుడు కాన్‌బెర్రా తెలుగువాళ్లు శివలింగం మీద వేస్తున్నవి దాని కాళ్ల కింది పిచ్చి ఆకులు. నాన్నమ్మకి చెప్పొద్దని దాన్ని బతిమాలాను. దానికి బదులుగా అది అడిగిన హెడ్‌ఫోన్స్ కొనిపెట్టాల్సి వచ్చింది.

మింగలేక కక్కలేక వారం గడిపాను. ఇంతలో ఆంటీ ఫోన్ చేసి, ఆఖరి సోమవారం గుళ్లో పెద్ద అభిషేకం ఉందని, నూట ఎనిమిది దళాలు కావాలని అన్నారు. శనివారం మధ్యాహ్నం అత్తయ్య బుట్ట పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లారు. నేనూ వెనకాలే వెళ్లాను. ఊరి జనాన్ని మోసం చెయ్యడం ఒక ఎత్తు, గుళ్లో దేవుణ్ణి మోసం చెయ్యడం ఇంకో ఎత్తు. నాకు దేవుడి భయం పెద్దగా లేదు కానీ, ఆంటీ భయం ఉంది.

"అత్తయ్యా, కొయ్యకండి. ఇది మారేడు కాదు" అన్నాను.

ఆవిడ కోస్తూనే, "తెలుసు" అన్నారు.

మారేడాకు నలిపితే వచ్చే వాసన వేరని, ఇది నిమ్మజాతి వాసన అని, పెళ్లయిన దగ్గర్నుంచీ రోజూ శివపూజకి మారేడు కోసిన చెయ్యి తనదని చెప్పారు. తన పూజలో ఈ ఆకు ఒక్కరోజూ పెట్టలేదట. నేను గమనిస్తేగా. వచ్చినవాళ్లు అంత భక్తిగా అడుగుతుంటే కాదనలేకపోయారట. పైగా మనుషులు వచ్చి పోతుంటే బాగుండిందట. నిమ్మచెట్టు చచ్చిన సంగతి కూడా జూలైలోనే తెలుసట. నేను ఆఫీసుకి వెళ్లాక రజాయి తొలగించి, గోటితో బెరడు గీకి చూశారట.

"మరి నేను రోజూ దానికి దుప్పటి కప్పుతుంటే చూస్తూ ఊరుకున్నారేం?" అన్నాను.

ఆవిడ బుట్ట కింద పెట్టారు. "నువ్వు ఆఫీసు నుంచి రాగానే పెరట్లోకి పోయేదానివి. మొదట్లో చెట్టు కోసమే అనుకున్నాను. అది చచ్చాక కూడా పోతున్నావు. చచ్చిన చెట్టుకి అరగంట దుప్పట్లు కప్పుతోందంటే, పాపం ఈ పిల్లకి ఇంట్లోకొచ్చి నా మొహం చూడబుద్ధి కావడంలేదు కామోసు అనుకున్నాను. ఇంట్లో ముసలిది ఉంటే ఊపిరాడదమ్మా. నాకూ అత్తగారుండేది, నాకు తెలుసు. అందుకే చిన్నవాణ్ణి టికెట్టు తియ్యమన్నాను" అన్నారు.

ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. అర్థం చేసుకున్న మనిషిలా చెప్పారు. అదే నాకు ముల్లులా దిగింది. ఆవిడ కోసమే అని చెయ్యి ఊపుతూ, ఆవిడ చేసిన కాఫీ రోజూ చల్లారబెట్టాను. నలభై దాటిన మనిషిని, రిస్కులు ముందే పసిగట్టేదాన్ని, కిటికీలోంచి అది ఎలా కనబడుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు.

"మీరు ఉంటారని పెంచానత్తయ్యా దాన్ని. అది చచ్చిపోయిందని తెలిస్తే మీరు డార్విన్ వెళ్లిపోతారని దాచాను" అన్నాను. చిన్నపిల్లలా ఏడ్చేశాను. ముక్కు తుడుచుకోవడానికి చేతిలో ఏమీ లేక చున్నీతో తుడుచుకున్నాను.

అత్తయ్య, "నిమ్మకాయ కోసం ఉంటాననుకున్నావా? మార్కెట్లో దొరకవూ?" అన్నారు. తర్వాత, కాస్త కోపంగానే, "రెండేళ్లయింది. ఆ చిన్నది ప్రతి ఆదివారం రమ్మంటోంది. నువ్వు ఒక్కసారి ఉండమన్నావా?" అన్నారు.

అనలేదు. నూటికి నూరుపాళ్లు అనలేదు. అడగందే అమ్మయినా పెట్టదని మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఉండండి అత్తయ్యా" అన్నాను. "నాకోసం ఉండండి. వంట కూడా చెయ్యక్కర్లేదు."

"వంట చెయ్యకపోతే నువ్వు పెట్టే తిండి తినాలి" అన్నారు. బుట్టలో ఆకులన్నీ చెట్టు మొదట్లో కుమ్మరించారు. వేలికి ముల్లు గుచ్చుకుని రక్తం వచ్చింది, చీర కొంగుతో నొక్కిపట్టుకున్నారు. ఇంట్లోకి నడుస్తూ, "టికెట్టు సంగతి ఆ చిన్నదానికి నువ్వే చెప్పుకో. నేను చెప్పలేను, మంచి పిల్ల" అన్నారు.

ఆంటీకి మాత్రం అత్తయ్యే ఫోన్ చేసి, అది మారేడు కాదని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆంటీ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటారు. గూడూరు పేరెత్తితే మొహం అటు తిప్పుకుంటారు.

ఆ సాయంత్రం నేను డార్విన్‌కి ఫోన్ చేశాను. తోడికోడలు అప్పటికే అత్తయ్య గదిలో కొత్త పరుపు వేయించి, గోడకి దేవుడి అర కొట్టించి పెట్టుకుందట. ఎలాగో విషయం చెప్పాను. ఫోన్లో వాళ్ల పెరట్లో వాన పడుతున్న శబ్దం వినబడింది.

"అత్తయ్యే ఉంటానన్నారా అక్కా, లేక మీరు అడిగారా?" అంది చివరికి.

నేనే అడిగానని చెప్పాను.